స్వయంగా రావాలి

అబద్ధానికి వాసన ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో మూడో కౌంటర్ వెనక కూర్చుని అద్దం అవతలివాళ్ళ మాటలు వింటున్నదాన్ని, ఆ వాసన నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? బస్సు తప్పిపోయిందంటారు. ప్రింటర్ పాడైందంటారు. ఒకడికైతే ఒకే ఏడాదిలో ముగ్గురు అమ్మమ్మలు పోయారు. మూడో అమ్మమ్మ దగ్గర నేను పట్టుకున్నాను.

నా పేరు ఒఫీలియా బర్రగాన్. ఈ సలీనస్ లోయలోనే పుట్టాను. మా అమ్మ నడుం వంగిపోయేదాకా పొలాల్లో లెట్యూస్ ఆకుకూర కోసి నన్ను కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి చేర్చింది. పక్క కౌంటర్ డెల్ఫీనో నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. "అక్కా, నువ్వు చర్చిలో ఫాదర్‌ని కూడా గుర్తింపు కార్డు అడుగుతావు" అంటాడు. అడిగితే తప్పేముంది?

రెండేళ్ళ కిందట మా కాలేజీకి దయ్యాలు పట్టాయి. ఆఫీసులో మేం పెట్టుకున్న పేరే అది. ఎక్కడో కూర్చున్న దొంగలు లేని మనుషుల పేర్లతో ఆన్‌లైన్ క్లాసుల్లో చేరేవాళ్ళు. ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం డబ్బు చేతిలో పడగానే మాయమయ్యేవాళ్ళు. వాళ్ళు ఆక్రమించిన సీట్ల వల్ల నిజం పిల్లలు బయట నిలబడేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది నాకు. ఏం చేద్దామని డీన్ హాల్వర్సన్ మీటింగ్ పెడితే నేనే లేచాను. "అనుమానం ఉన్న పేరుకి ఎర్ర జెండా పెడదాం మేడమ్. ఇంటికి ఉత్తరం పంపిద్దాం. పది రోజుల్లో కార్డు పట్టుకుని స్వయంగా రావాలి, మా ఉద్యోగి కళ్ళారా చూడాలి. రాకపోతే పేరు కొట్టేద్దాం. దయ్యం కౌంటర్ దాకా నడిచి రాలేదు కదా!"

అందరూ చప్పట్లు కొట్టారు. మనిషిని సరిచూసే ఫారంలో 'స్వయంగా' అన్న మాట నా పట్టుదల మీదే పడింది. ఈమెయిల్ వద్దు, దయ్యాలు ఈమెయిల్‌లో ఆరితేరినవి, పోస్టులోనే పంపాలి అన్నదీ నేనే. ఆ ఏడాది నలభై ఒక్క దయ్యాలను పట్టాను. భోజనాల గది గోడ మీద నా ఫోటో పెట్టారు.

ఈ జనవరిలో డీన్ నాకు కొత్త పని అప్పగించింది. మొదటి సెమిస్టర్ చదివి రెండో సెమిస్టర్‌కి తిరిగి రాని పిల్లల జాబితా. రెండు వందల పన్నెండు పేర్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడగాలి, కారణం ఎదురుగా గడిలో టిక్కు పెట్టాలి. ఉద్యోగం, కుటుంబం, ప్రయాణం, ఆరోగ్యం, ఊరు మారడం, ఇతరం. అదీ లెక్క.

"క్లాసుకు రావడానికి బండి లేదండి" అన్నాడొకడు.

"బస్సు లేదా?"

"ఉందండి. క్లాసు ఏడింటికి అయిపోద్ది. ఆఖరి బస్సు ఆరున్నరకే వెళ్ళిపోద్ది."

ఫోన్ పెట్టేసి బస్సుల టైం చూశాను. నిజమే. అయినా పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

"మా నాన్న సంతకం కావాలన్నారు మేడమ్" అంది ఇంకో పిల్ల. "ఆయనెక్కడున్నాడో మీరు కనుక్కుంటే నాకూ చెప్పండి, పద్దెనిమిదేళ్ళ నుంచి వెతుకుతున్నాం."

ఇంకొకతను గొంతు తగ్గించి, "ఒక పరీక్ష పోయిందండి. పోతే ఇంక రానివ్వరనుకున్నా" అన్నాడు. అలా ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదట. రానిస్తారని కూడా ఎవరూ చెప్పలేదట. నేను దానికీ ప్రశ్న గుర్తు పెట్టాను. డెల్ఫీనో నా కాగితంలోకి తొంగిచూసి, "అక్కా, గడుల్లో టిక్కు పెట్టమన్నారు గానీ ముగ్గులు వెయ్యమనలేదు" అన్నాడు.

నాలుగో రోజు నా ముక్కుకు అసలు వాసన తగిలింది. జాబితాలో ఏడు పేర్లకు ఒకటే చిరునామా: 218, కాల్డెరాన్ రోడ్. ఏడుగురూ నేను డిసెంబరులో ఎర్ర జెండా పెట్టినవాళ్ళే. ఏడుగురిలో ముగ్గురికి ఒకటే ఫోన్ నంబరు. ఏడుగురూ ఆన్‌లైన్ క్లాసులే. నవంబరు ఆఖరు నుంచి అందరూ క్లాసు తెరుస్తున్నది మా లోయ నుంచి కాదు, పక్క రాష్ట్రం అరిజోనా నుంచి. అదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు. ఆ వేళకు ఏ కాలేజీ పిల్లయినా లేస్తుందా? పంపిన ఏడు ఉత్తరాలకీ ఒక్క జవాబు లేదు. ఒక్కరూ కౌంటర్‌కి రాలేదు. పేర్లు కొట్టేశాం.

ముఠా అనుకున్నాను. పాత దయ్యాలు ఒంటరివి, ఇది మంద. పట్టుకుంటే నా ఫోటో పక్కన ఇంకో ఫోటో పెడతారు. ఆ ఆశ నాకు లేదని అబద్ధం చెప్పను.

శుక్రవారం మధ్యాహ్నం వెండెల్ ప్రూయిట్ నా అద్దం ముందుకొచ్చాడు. శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ముసలి ప్రొఫెసర్. కోటు జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది, క్లాసులు ఆన్‌లైన్‌లోకి మారి నాలుగేళ్ళయినా సరే.

"ఒఫీలియా, నా విద్యార్థిని పేరు కొట్టేశారట. యారెట్సీ మొంతెహానో."

ఏడు పేర్లలో మొదటిది.

"ఆ అమ్మాయిని మీరెప్పుడైనా చూశారా?" అన్నాను.

"చూడలేదు. కెమెరా ఆన్ చెయ్యదు."

"మరి?"

"మరేంటి? నా క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఆ పిల్లవే. రోజంతా నడుం వంచి పనిచేసేవాళ్ళకి వెన్నులో ఏ డిస్క్ ముందు అరుగుతుందని అడిగింది. ముప్పై ఏళ్ళలో ఒక్కరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. దయ్యాలు వెన్నెముక గురించి అడుగుతాయా?"

"ఇంటర్నెట్‌లో చూసి అడిగుంటుంది."

ఆయన అద్దానికి దగ్గరగా వంగాడు. "తర్వాతి క్లాసులో ఒక్క సీటు ఆపి పెట్టాను. సోమవారం సాయంత్రం ఐదింటిదాకే ఆపగలను. ఈ క్లాసు లేకపోతే ఆ పిల్ల ఈ ఏడాది నర్సింగ్‌కి అర్జీ పెట్టుకోలేదు. ఏడాది పోతే ఇంక రాదు. ఇలా పోయినవాళ్ళు ఎంతమంది తిరిగొచ్చారో మీ దగ్గరే ఉందిగా జాబితా."

ఈయనకెందుకింత ఆత్రం? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఈయనకీ ఇందులో వాటా ఉందేమో అనుకున్నాను. అంత దాకా పోయింది నా బుర్ర. "నేనే వెళ్ళి చూసొస్తాను ప్రొఫెసర్ గారూ" అన్నాను. ఆయన సంతోషించాడు. నేను వెళ్తున్నది పట్టుకోవడానికని ఆయనకు తెలియదు.

"ఒక్కదానివే వెళ్తావా అక్కా?" అన్నాడు డెల్ఫీనో. "అనుమానం పెనుభూతం అంటారు. నీది మరీ బాగా తిని బలిసిన భూతం."

శనివారం పొద్దున్నే బయల్దేరాను. ఊరు దాటి, గోడౌన్లు దాటి, తారు రోడ్డు అయిపోయి కంకర రోడ్డు మొదలైంది. అక్కడ మలుపు తిరగగానే మనసులో ఏదో గుచ్చుకుంది. ఎండిన వాగు, దాని మీద ఇనుప రేకు వంతెన. వంతెన మీద కారు చేసిన చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. ఎక్కడ విన్నానో గుర్తు రాలేదు.

218 ఇల్లు కాదు. ఆకుపచ్చ రంగేసిన చిన్న కిరాణా కొట్టు. వెనకాల కూలీల క్యాంపు, రెండు వరసల రేకుల గదులు. ఒక్క పొయ్యి పొగ లేదు, ఒక్క పిల్ల ఏడుపు లేదు. కొట్టులో అరవై ఏళ్ళాయన ఎండుమిరపకాయల బస్తా విప్పుతున్నాడు.

తెలివిగా వెళ్ళాలనుకున్నాను. తీపి రొట్టెలు నాలుగు తీసుకుని, మాటల్లో పెట్టి, "యారెట్సీ మొంతెహానో ఇక్కడేనా ఉండేది?" అన్నాను.

"ఆ పేరుగలవాళ్ళెవరూ నాకు తెలీదు" అన్నాడు తలెత్తకుండా.

గుప్పున కొట్టింది వాసన. "తెలీదా? ఆ పేరుతో ఇక్కడికి ఉత్తరాలొస్తాయిగా?"

"నువ్వేం ఆఫీసమ్మా? పోలీసా? వలసొచ్చినోళ్ళని పట్టుకెళ్ళేవాళ్ళా?"

"కాలేజీ." కార్డు తీసి చూపించాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇలాంటి బిళ్ళలు మా మనవడు కూడా ముద్రిస్తాడు" అని వెనక్కిచ్చి, ఉన్నట్టుండి నా ముఖంలోకి చూశాడు. "బర్రగానా? ఏ బర్రగాను?"

"రెఫూహియో బర్రగాన్ కూతుర్ని. మీకెందుకు?"

"ఓర్నాయనో! రెఫూహియో అంటే మన కూకా! కూకా కూతురివా! మా నాన్న మార్సెలో కొట్టు ముందు ఉప్పు చల్లిన మామిడికాయ కోసం ఏడిచేదానివే, ఆ ఒఫీలియావా?" గడపలో ఉన్న స్టూలు లాగి నా వైపు తోశాడు. "నేను యూసేబియోని తల్లీ. నీ జడ లాగినందుకు మీ అమ్మ చేత తన్నులు తిన్నోణ్ణి!"

నేను స్టూలు మీద కూలబడ్డాను. మార్సెలో కొట్టు. అప్పట్లో ఈ రోడ్డుకు పేరు లేదు, నంబర్లు లేవు, కొట్టుకు రంగు లేదు. క్యాంపుకు పోస్టు వచ్చేది కాదు. అందరి ఉత్తరాలూ కొట్టుకే వచ్చేవి. గోడకు వరసగా మిరపకాయల అట్టపెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒక్కో ఇంటిపేరు ఉండేవి. పైవరసలో మూడోది మాది.

తలెత్తి చూశాను. పెట్టెలు అలాగే ఉన్నాయి, పేర్లే వేరు.

యూసేబియో 'మొంతెహానో' అన్న పెట్టె దించి నా ఒళ్ళో పెట్టాడు. పైనే ఉంది ఎర్ర గీత ఉన్న కవరు, చింపలేదు. పంపినవాళ్ళ చోట నా సంతకం కనిపిస్తోంది. మిగతా పెట్టెల్లోంచి ఆరు కవర్లు తీసి దాని మీద పేర్చాడు.

"వాళ్ళు నవంబరు ఇరవైకే వెళ్ళిపోయారు కదే యూమాకి. లెట్యూస్ ఎటుపోతే వాళ్ళటు. ఏప్రిల్ దాకా రారు. నీకు చెప్పాలా ఈ సంగతి?"

నాకు చెప్పాల్సిన పని లేదు. పదమూడేళ్ళు వచ్చేదాకా ప్రతి నవంబరులో నేనూ ఆ బస్సెక్కినదాన్నే. అరిజోనా ఎందుకంటే యూమా ఉన్నది అరిజోనాలో. నాలుగు గంటలెందుకంటే కోతకు బస్సు ఐదింటికి. ముగ్గురికీ ఒకే ఫోనెందుకంటే, ముగ్గురికీ ఉన్నది అదొక్కటే. ఒక్కటొక్కటీ నా కళ్ళముందే ఉంది. ఒక్కదాన్ని కూడా నేను మా అమ్మతో కలిపి చూడలేదు. సొంత ఇల్లు, ఇంటి ముందు సొంత పోస్టు పెట్టె వచ్చి ముప్పై ఏళ్ళయితే మనిషి ఇలా తయారవుతుందా?

కోతలో మధ్యాహ్నం తిండికి అరగంట ఇస్తారు. పన్నెండు దాకా ఆగి, యారెట్సీ పేరు ఎదురుగా ఉన్న ఆ ముగ్గురి నంబరుకు ఫోన్ చేశాను.

"ఎవరు?" ఆడపిల్ల గొంతు, వెనకాల గాలి.

"యారెట్సీవా అమ్మా? నేను కాలేజీ నుంచి ఒఫీలియాని. నీ పుట్టిన తేదీ చెప్పు." అలవాటు! నాలుక్కి అంటుకుపోయిన అలవాటు.

"నేనెందుకు చెప్పాలి? పోయిన నెల మా పిన్నికి ఇలాగే తియ్యగా ఫోనొచ్చింది. పుట్టిన తేదీ చెప్పింది, ఉన్న కాస్తా పోయింది."

"నేను నిజంగా కాలేజీ మనిషినే. నీ పేరు కొట్టేసింది…"

"తెలుసు. జనవరిలో క్లాసు తెరిస్తే తాళం పడుంది. మీ ఆఫీసుకి ఫోన్ చేశాం. నలభై నిమిషాలు పాట వాయించారు. మా తిండి టైము అరగంట. మేం ఏడుగురం ఏమనుకున్నామో తెలుసా? మాలాంటోళ్ళు పొరపాటున లోపలికొచ్చారని కాలేజీవాళ్ళు కనిపెట్టేశారనుకున్నాం. పోన్లే, అడిగి మాటపడడం దేనికని ఊరుకున్నాం."

"అలా కాదమ్మా, సోమవారం ఐదింటికల్లా నీ సంతకం ఉంటే ప్రొఫెసర్ ప్రూయిట్ సీటు…"

"ఆయన పేరు ఎవరికైనా తెలుస్తుంది. ఫోన్లో ఎవరైనా ఏమైనా అంటారు. మీరు నిజంగా ఉన్నవాళ్ళయితే కార్డు పట్టుకుని రండి. స్వయంగా రండి, చూస్తాను."

ఫోన్ పెట్టేసింది. నేను పెట్టించిన రూలు నాకే చెప్పింది, నా మాటలతోనే.

ఫారం తీసి మళ్ళీ చదివాను. 'విద్యార్థిని ఉద్యోగి స్వయంగా చూసి, కార్డు సరిచూసి సంతకం చేయాలి.' ఎక్కడ చూడాలో అందులో రాయలేదు. కౌంటర్ దగ్గరే చూడాలని రాయడం నాకప్పుడు తట్టలేదు. నేను చేసిన మంచిపని అదొక్కటే, అదీ తెలియక చేసింది. బండిలో ఏడు ఫారాలు ఉన్నాయి, పట్టుకుంటే వాళ్ళ ముందు పెట్టి నిలదీయడానికి తెచ్చినవి.

డెల్ఫీనోకు ఫోన్ చేసి యూమా వెళ్తున్నానన్నాను.

"ఐదొందల మైళ్ళక్కా! దయ్యాన్ని చూడ్డానికా?"

"కాదురా. దయ్యమే నన్ను చూస్తానంది."

ఆదివారం మధ్యాహ్నానికి పొలం దొరికింది. అడిగిన ప్రతి మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి తప్పుదారి చూపించాడు, అందుకే అంత ఆలస్యం. తెల్ల బస్సు, దాని వెనక చక్రాల మీద మరుగుదొడ్డి, గట్టు మీద వరసగా కూర్చుని తింటున్న మనుషులు. తడిసిన లెట్యూస్ ఆకు వాసన ముక్కుకు తగలగానే నేను మళ్ళీ పదేళ్ళ పిల్లనైపోయాను. కాలేజీకి వేసుకెళ్ళే బూట్లు బురదలో కూరుకుపోయాయి.

"యారెట్సీ ఎవరమ్మా?"

అందరి ముఖాలకీ రుమాళ్ళు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చివరికి నడుముకు కత్తి ఒర ఉన్న ఒక పిల్ల లేచి నిలబడింది.

"రుమాలు తియ్యమ్మా, నేను చూడాలి" అన్నాను.

"ముందు మీరు" అని చెయ్యి చాపింది.

కార్డు ఇచ్చాను. గ్లవ్ తీసి, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని అందుకుంది. ముందు చూసింది, వెనక చూసింది, ఫోటో పక్కన నా ముఖం పెట్టి చూసింది. గట్టు మీదున్నవాళ్ళు తినడం ఆపేశారు. అంతసేపు నన్ను ఎవరూ అలా చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా నేను అందరినీ అలాగే చూస్తున్నాను.

"ఇందులో నవ్వుతున్నారు" అంది.

"పాత ఫోటో."

అప్పుడు రుమాలు దించింది. పందొమ్మిదేళ్ళుంటాయేమో. ఎండకు పెదవులు పగిలి ఉన్నాయి. ఫారం తీసుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. సన్నక్షరాలు కూడా వదల్లేదు. ఆమె అరగంట కరిగిపోతోంది, రొట్టె చల్లారిపోతోంది, నేను బురదలో నిలబడే ఉన్నాను. చదవడం అయ్యాక తలెత్తింది.

"మమ్మల్ని ఎందుకనుమానించారు?"

"మీ ఏడుగురిదీ ఒకటే చిరునామా."

"కొట్టు చిరునామా కాక ఇంకేం రాస్తామండీ? క్యాంపుకి పోస్టు రాదు."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

నేను పెన్ను తీసి ఆమె వైపు చాపాను. గట్టు మీద ఒక పెద్దావిడ గొంతు సవరించుకుని, "సంతకం పెట్టవే, ఇంత దూరం అబద్ధం చెప్పడానికి ఎవరూ రారు" అంది. యారెట్సీ ఆవిడ వైపు చూసింది, నా బూట్ల వైపు చూసింది, ఫారం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. ఆమె కార్డు చూసి దాని కింద నేను సంతకం చేశాను.

మిగతా ఆరుగురిలో ఇద్దరు సంతకం పెట్టారు. ఒకతను శీతల గోడౌన్‌లో పనికి కుదిరి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఇద్దరు వచ్చే ఏడాది చూద్దామన్నారు. వచ్చే ఏడాది అంటే ఏమిటో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఆరో పిల్ల మాత్రం ముఖం తిప్పుకుని, "ఒకసారి గెంటించుకున్న గడప మళ్ళీ తొక్కను" అంది. బతిమాలాను. ఈల మోగింది. కత్తి తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకు మూడు ఫారాలు డీన్ గదిలో ఇచ్చాను. ఐదింటికి ప్రూయిట్ ఫోన్ చేసి, యారెట్సీ పేరు తన క్లాసులో కనిపిస్తోందన్నాడు. కెమెరా ఆన్ చెయ్యమని అడగనని మాటిచ్చాడు, నేనేమీ అడగకుండానే.

తర్వాత జాబితా ముందేసుకుని కూర్చున్నాను. ప్రశ్న గుర్తులన్నీ చెరిపేశాను. ఆరున్నర బస్సు కుర్రాడికి 'ప్రయాణం'లో టిక్కు పెట్టాను. పరీక్ష పోయినవాడికి మళ్ళీ ఫోన్ చేసి, రావచ్చని చెప్పాను. అతను రెండుసార్లు "నిజంగానా?" అన్నాడు. తిరిగి రాని ఆ నలుగురి దగ్గరకొచ్చేసరికి ఏ గడీ సరిపోలేదు. 'ఇతరం' అన్న గడిలో, నాలుగు పేర్ల ఎదురుగా, నాలుగుసార్లు నా పేరు రాశాను.

మర్నాడు పొద్దున్నే డీన్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఒఫీలియా, కారణం ఉండాల్సిన చోట నీ పేరుందేంటి? పొరపాటున పడిందా?"

"లేదు మేడమ్" అన్నాను. "సరిగ్గానే రాశాను."